ఒక్క దుకాణానికి నాలుగు అడ్రస్‌లు

గద్వాలలో మా బావది చీరల దుకాణం. నూలు చీర, పట్టు అంచు, పట్టు కొంగు, కుప్పడం నేత. సరుకుకు వంక పెట్టలేం. వెబ్‌సైట్ సంగతే వేరు. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కొట్టినా, కొట్టకున్నా, హెచ్‌టీటీపీ అన్నా, హెచ్‌టీటీపీఎస్ అన్నా తెరుచుకునేది. ఒకే పేజీకి నాలుగు అడ్రస్‌లన్నమాట.

"ఎట్ల కొట్టినా వస్తుంది గదరా, మంచిదేనాయె" అన్నడు బావ.

కొనేవాళ్లకు మంచిదే. గూగుల్‌కు మాత్రం అవి నాలుగు వేర్వేరు యూఆర్‌ఎల్‌లు. అందులో ఒకదాన్ని అసలుదిగా అదే ఎంచుకుంటుంది, మనకు కావాల్సిందే ఎంచుకోవాలని లేదు. మన సైట్ గూగుల్‌లో ఎట్లా ఎక్కిందో చూపే సెర్చ్ కన్సోల్‌లో చూస్తే కొన్ని చీరలు డబ్ల్యూలతో, కొన్ని లేకుండా ఎక్కి ఉన్నాయి. మనకు నచ్చిన డొమైన్ చెప్పుకునే సెట్టింగ్ పాత కన్సోల్‌లో ఉండేది, 2019లో తీసేశారు. ఇప్పుడు ఆ మాట మన సర్వరే చెప్పాలి.

డబ్ల్యూలు ఉన్నా లేకున్నా ర్యాంకుకు తేడా లేదు. సంచుల మీద లేకుండానే అచ్చయింది కాబట్టి అదే ఖాయం చేశాం.

సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్ అపాచీ కాబట్టి, దాని సెట్టింగులుండే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో మిగతా మూడు అడ్రస్‌లను దీనికి మళ్లించే (రీడైరెక్ట్) వరుసలు నాలుగైదు రాస్తే సరిపోయింది. 302 రకం మళ్లింపు తాత్కాలికం, మనకు కావాల్సింది శాశ్వతమైన 301. పాత లింకు నొక్కినవాళ్లు అదే చీర దగ్గరికి చేరాలి, హోమ్ పేజీకి కాదు. సైట్‌ను ఉంచిన హోస్టింగ్ కంపెనీ ప్యానెల్ ముందే హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లిస్తోంది, దాని మీద మా రూల్ మళ్లీ మళ్లిస్తోంది. ఆ రెండు మలుపులు ఆపేసి ఒక్క మలుపులో చేర్చాను.

అసలు తిప్పలు సర్టిఫికెట్‌తో వచ్చింది, అంటే హెచ్‌టీటీపీఎస్‌లో ఆ పేరు సైట్‌దేనని బ్రౌజర్‌కు చూపే రుజువుతో. డబ్ల్యూల పేరు అందులో లేదు. "రీడైరెక్ట్ ఉంది కదా సార్, దానికెందుకు?" అన్నాడు హోస్టింగ్ వాళ్ల కుర్రాడు. బ్రౌజర్ ముందు సర్టిఫికెట్ చూస్తుంది, మళ్లింపు ఆ తర్వాతే. అది లేకుంటే కొనేవాళ్లకు ఎర్ర హెచ్చరికే కనబడుతుంది. రెండు పేర్లతో కొత్తది తీయించాకే ఊపిరాడింది.

బ్రౌజర్ పాత 301ని గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని నమ్మలేం. బ్రౌజర్ లేకుండా సర్వర్ జవాబు చూపే కర్ల్ కమాండ్‌తో నాలుగు అడ్రస్‌లూ సరిచూశాను. తర్వాత అసలు అడ్రస్ ఏదో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగులు, పేజీల జాబితా ఉండే సైట్‌మ్యాప్, గూగుల్ మ్యాప్స్‌లోని లింకు, అన్నీ మార్చాను. విసుగు పని.

కొన్నాళ్లకు డబ్ల్యూల పేజీలు కన్సోల్‌లో రీడైరెక్ట్ జాబితాలోకి జారాయి.

"ఇగ మొదటి పేజీల వస్తమా?"

"దీంతోనే రాదు బావా. ఒక్కో ఫొటో కింద చీర వివరం రాయి."

మళ్లింపును కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్. నేనైతే తీసేదే లేదు.