జాగ్వార్ ఎక్స్‌జే6: వెనక రబ్బర్ల పని

నా బండి 1983 నాటి ఎక్స్‌జే6 కారు, ఆ మోడల్ మూడో రూపమైన సిరీస్ 3, 4.2 లీటర్ల ఆరు సిలిండర్లది. ఇంగ్లండ్‌లో నేనుండే ఈ కోవెంట్రీ ఊళ్లోనే, జాగ్వార్ వాళ్ల బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో పుట్టింది. అరవై మైళ్ల వేగం దాటితే వెనక సీటు కింద గుమ్మని మోత, యాక్సిలరేటర్ వదిలితే ‘టక్’మని ఒక దెబ్బ. రెండూ పోగొట్టాలని మార్చిలో మొదలుపెట్టాను.

ఎక్స్‌జే6 అనగానే అందరూ ఆ నాలుగు గుండ్రటి దీపాలనీ, వెనక్కి వాలిన ఒంపునీ తలుచుకుంటారు. జాగ్వార్ స్థాపకుల్లో ఒకరైన సర్ విలియం లయన్స్ కంటికి నచ్చి 1968లో బయటికొచ్చిన రూపం అది, అందం కాదనలేం. నన్ను కట్టిపడేసింది మాత్రం కనపడని చోట ఉంది. డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె), వెనక బ్రేకులు, నాలుగు స్ప్రింగులు అన్నీ ఒక ఉక్కు చట్రంలో బిగించి, ఆ చట్రాన్ని నాలుగు రబ్బరు దిమ్మలతో బాడీకి తగిలించారు. రోడ్డు మీది గుంత చక్రానికి తెలుస్తుంది, లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు. నలభై ఏళ్లలో ఆ రబ్బరు ఇనుము నుంచి ఊడిపోతే ఇక ఆ హాయి ఎక్కడిది?

మొదటి వారమంతా బోల్టులకి నూనె పట్టించడమే. రేడియస్ ఆర్మ్‌ల (వెనక చక్రాలు ముందుకీ వెనక్కీ జరగకుండా బాడీకి పట్టి ఉంచే కడ్డీల) ముందు బోల్టులు తుప్పుతో బిగుసుకున్నాయి. మూడు రోజులు నానబెట్టి, వేడి చేస్తే గానీ కదల్లేదు. ఈ పని చేసేవాళ్లు ఆ బోల్టు ఎక్కే చోట బాడీ రేకుని ముందు సుత్తితో తట్టి చూసుకోండి. అక్కడ మెత్తబడితే వెల్డింగ్ తప్పదు. నాది గట్టిగానే ఉంది.

చట్రం దించడానికి ఇద్దరు కావాలి. బాడీని స్టాండ్ల మీద నిలబెట్టి, డిఫరెన్షియల్ కింద చెక్క పెట్టి జాక్ ఆనించాం. సైలెన్సర్ గొట్టాలు చట్రం మధ్యలోంచి వెళ్తాయి కాబట్టి ముందు అవి తీయాలి. తర్వాత బ్రేక్ గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్. షాఫ్ట్ అంచుల మీద తెల్ల రంగుతో గీత పెట్టుకున్నాను, మళ్లీ అలాగే కలపాలి కదా. చివరికి దిమ్మలు విప్పితే రెండు చేతిలోనే రెండు ముక్కలయ్యాయి. మోతకి కారణం దొరికింది.

ఈ బండిలో వెనక బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. చక్రాల బరువు తగ్గించి నడక మెత్తగా ఉంచడానికి అలా పెట్టారు. కానీ డిఫరెన్షియల్ సీలు కారితే నూనె నేరుగా డిస్కు మీదే. నాది కుడివైపు కారింది. చట్రం ఎలాగూ కింద ఉంది కనుక రెండు సీళ్లూ, డిస్కులూ, ప్యాడ్లూ మార్చేశాను. డిస్కుకీ, చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్ట్‌కీ మధ్య షిమ్‌లు అనే పల్చటి బిళ్లలు ఉంటాయి. చక్రం వంపు నిర్ణయించేవి అవే. ఎడమవైపు రెండు, కుడివైపు మూడు వచ్చాయి. మా అబ్బాయి వాటిని విడివిడి డబ్బాల్లో వేసి పేర్లు రాశాడు. ఆ డబ్బాలే కాపాడాయి.

రబ్బరు కన్నా గట్టిదైన పాలీయూరిథేన్ ప్లాస్టిక్‌తో చేసిన బుష్‌లు (కీళ్ల దగ్గర వేసే గొట్టం లాంటి దిమ్మలు) ఎక్కువ కాలం మన్నుతాయని చాలామంది చెప్పారు. నేను రబ్బరే కొన్నాను. మెత్తదనం కోసమే పుట్టిన బండికి గట్టి బుష్‌లు వేయడానికి మనసొప్పలేదు. ఒక జాగ్రత్త: చక్రాల మీద బండి బరువు పడ్డాకే రేడియస్ ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది.

మే రెండో ఆదివారం బ్రేకుల్లో గాలి తీసి, రోడ్డెక్కించాను. అరవై దాటినా మోత లేదు, ఆ ‘టక్’ లేదు. ఇంటావిడ వెనక సీట్లో నిద్రపోయింది. ఇంత నిశ్శబ్దమయ్యేసరికి ఇన్నాళ్లూ వినపడని చిన్న కిర్రుమనే శబ్దం ముందునుంచి బయటపడింది. ముందు చట్రం రబ్బర్లకి ఆర్డర్ పెట్టాను.