ఎగరని విమానానికి రెండుసార్లు రంగు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మా షెడ్డు. కార్లు, ఆటోలు, కోతల సీజన్ ముందు ఒకటో రెండో హార్వెస్టర్లు. డెంటింగ్, పెయింటింగ్‌లో నాకు 22 ఏళ్ల అనుభవం. కిందటి ఏప్రిల్‌లో ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దుప్పట్లలో చుట్టిన సామాను దింపుతుంటే పక్క పంక్చర్ షాపు పిల్లలంతా పని మానేసి వచ్చారు. అవి విమానం ముక్కలు.

ఓ కాలేజీ వాళ్లు విద్యార్థులకు విప్పి చూపించడానికి పాత సెస్నా 152 కొన్నారు. రెండు సీట్ల శిక్షణ విమానం, ఆ మోడల్ తయారీ 1985లోనే ఆగిపోయింది. ఇది ఇక ఎగరదు. ముక్కలతో పాటు ఒక సార్ కూడా దిగారు. విమానాల మరమ్మతులో ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు అక్కడ పాఠాలు చెబుతున్నారు. రెండు ఐలరాన్లు (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు), చక్రాలను మోసే రెండు స్టీలు కాళ్లు, ముందు చక్రం ఫోర్కు, కొన్ని చిన్న మూతలు. పాత రంగు లేపి కొత్తది కొట్టాలి.

"నాలుగు రోజులు సార్" అన్నాను. ఆగస్టు దాకా పట్టింది.

మొదటి తప్పు డబ్బా దగ్గరే జరిగింది. పెయింట్ రిమూవర్ నాకేం కొత్త కాదు, కానీ మేము ఎక్కువగా మెషీన్‌తోనే గీకేస్తాం. సార్ తెచ్చిన డబ్బాను షెడ్డు రేకుల కింద పెట్టి మూత తిప్పాను. బుస్సుమని చిమ్మి మోచేయి మీద పడింది. పచ్చిమిరపకాయ రుద్దినట్టు మంట. సార్ చెయ్యి పట్టి పంపు కింద పెట్టి, అప్పుడు చెప్పారు: అందులో ఉండే డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మన ఊరి ఎండలో ఆ డబ్బా పొయ్యి మీద పెట్టినట్టే. ఆ ఆవిరి పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుందట. మూసిన గదిలో ఈ పని చేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారట. ఆ రోజు నుంచి డబ్బా తడి గోనెసంచిలో, పని షెడ్డు బయట వేపచెట్టు కింద, పొద్దున ఐదు గంటలకు. మందు పూయడం, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవర్ కప్పడం, అరగంట ఆగడం. కవర్ తీస్తే రంగు మీగడలా ముడతలు పడి లేచి ఉంటుంది. అది చూడ్డానికి మాత్రం భలే ఉంటుంది.

గీకడానికి ఇనుము ముట్టుకోవద్దన్నారు. మా దగ్గర పనిచేసే పిల్లోడు ఆ మాట మరిచి, ఐలరాన్ గాడుల్లో ఇరుక్కున్న రంగుకు ఇనుప బ్రష్షు అందుకున్నాడు. సార్ అరుపు రోడ్డవతల టీ కొట్టు దాకా వినపడింది.

"గిదేమన్నా ఇంటి దర్వాజనా తమ్మీ? రేకు చూసినవా ఎంత పల్చగున్నదో!"

తర్వాత పిల్లోణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే విప్పి చెప్పారు. ఈ రేకు మందం 0.4 మిల్లీమీటర్లు. లోపలిది రాగి కలిపిన గట్టి అల్యూమినియం, దాన్ని తుప్పు తొందరగా తినేస్తుంది. అందుకే దాని మీద స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికిస్తారు. ఆ పొర 0.02 మిల్లీమీటర్లు, తలవెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. మనం చేతి బలం చూపిస్తే రెండు నిమిషాల్లో పోతుంది. ఇక ఇనుప బ్రష్షు ముక్కలు అందులో గుచ్చుకుంటే, తడి తగలగానే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తింటాయి. చివరికి గాడులన్నీ వెదురు బద్దలతో, పాత టూత్ బ్రష్షులతో సాఫ్ చేశాం. ఒక్క ఐలరాన్‌కు మూడు పొద్దులు.

స్టీలు కాళ్ల దగ్గర నా తెలివి ఇంకోసారి బయటపడింది. తుప్పు వదిలించే యాసిడ్‌లో ముంచుదామన్నాను. వద్దన్నారు. యాసిడ్ వల్ల పుట్టే హైడ్రోజన్ అంత గట్టి స్టీలులోకి దూరి కూర్చుంటుంది. పైకి ఏమీ కనపడదు, బరువు పడ్డ ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా పటుక్కుమంటుంది. గ్రైండర్ కూడా వద్దన్నారు. విమానం దిగిన ప్రతిసారీ ఆ కాలు స్ప్రింగులా వంగుతుంది, అడ్డంగా ఒక్క గీత పడినా పగులు అక్కడే మొదలవుతుంది. సన్నని ఎమరీ పేపరుతో, చేత్తో, నిలువునా మాత్రమే రుద్దాం.

"ఎగరని విమానానికి ఇదంతా ఎందుకు సార్?" అని ఉండబట్టలేక అడిగాను.

"పిల్లలు దీన్ని జూసే నేర్చుకుంటరు. రేపు వాళ్లు ముట్టేది ఎగిరే విమానమే గదా" అన్నారు. ఇక అడగలేదు.

మే నెలాఖరుకు రంగు వేశాను. యాసిడ్ కలిపిన క్లీనర్‌తో అల్యూమినియం కడిగి, అలోడిన్ పూసి (తుప్పును ఆపి, రంగు బాగా పట్టేలా చేసే మందు, రేకు లేత బంగారు రంగుకు తిరుగుతుంది), మళ్లీ కడిగి, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద తెల్ల పీయూ (పాలీయురెథేన్) పెయింట్. ఆ రెండు కడగడాలూ సార్ కాలేజీలో ఉన్నప్పుడు నేనే చేశాను, మా షెడ్డు బోరు నీళ్లతో. మెరుపు బాగా రావాలని మూడో కోటు, నాలుగో కోటు కూడా దట్టించాను. కారు యజమాని చూస్తే ముద్దు పెట్టుకునేంత మెరుపు. సార్ మాత్రం చూసి ఏమీ అనలేదు. అదే నాకు కొంచెం టెన్షన్.

జులైలో వానలు పడ్డాక ఫోన్ చేసి కాలేజీకి రమ్మన్నారు. ఐలరాన్ గాడుల వెంట చెమటకాయల్లా సన్నని బొబ్బలు. సార్ గుండుసూదితో ఒకదాన్ని పొడిచారు. లోపలి నుంచి ఒక చుక్క నీరు వచ్చింది. రంగు కింద నీళ్లు!

"ఏ నీళ్లతోని కడిగినవు?"

నల్లగొండ వాణ్ని, ఆ ప్రశ్న వినగానే సిగ్గుపడ్డాను. మా జిల్లా బోరు నీళ్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకరపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. ఆ నీళ్లు ఆరిన బిందెకు తెల్లటి ఉప్పు పొర కడుతుంది. అదే పొర నా రేకు మీదా కట్టింది, ప్రైమర్ కింద దాక్కుంది. ఉప్పు ఉన్నచోటికి తేమ రంగులోంచి ఇంకి చేరుతుంది, చేరి ఉబ్బుతుంది.

ఇంకో తప్పు సార్ తక్కెడ దగ్గర చూపించారు. ఐలరాన్‌ను దాని కీలు గీత మీద రెండు కత్తి అంచుల్లాంటి ఇనుప ముక్కలపై నిలబెట్టారు. వెనక అంచు ధబీమని కిందికి వాలింది. విమానం మరమ్మతు పుస్తకంలో ఇచ్చిన లెక్క కన్నా వెనక బరువు ఎక్కువ. కీలుకు వెనక బరువెక్కితే వేగంలో ఆ పలక కొట్టుకోవడం మొదలుపెడుతుంది, తాడు వదులైన లారీ టార్పాలిన్ లాగా. టార్పాలిన్ అయితే చిరుగుతుంది, రెక్క అయితే విరుగుతుంది. నా రెండు అదనపు కోట్ల మెరుపు ఖరీదు అది.

మళ్లీ అంతా లేపాం. ఈసారి మొదటి కడుగుడు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లతో. ఆఖరి కడుగుడు బ్యాటరీ వాటర్‌తో (ఉప్పులు తీసేసిన నీళ్లు). ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో డబ్బాలు డబ్బాలు తీసుకుంటుంటే, "ఎన్ని లారీలు కొన్నవన్నా?" అని అడిగాడు షాపతను. అలోడిన్ పూయకముందు, కడిగిన రేకు మీద నీళ్లు చల్లి సార్ వాచీ చూస్తూ నిలబడ్డారు. నీళ్లు అద్దంలా ఒకే పరదాగా నిలిస్తే శుభ్రం. ఎక్కడైనా విడిపోయి చుక్కలైతే జిడ్డు ఉన్నట్టు. 30 సెకన్లు. ఒక మూల చుక్కలు కట్టాయి. నా వేలిముద్ర! గ్లవ్స్ వేసుకుని మళ్లీ మొదటి నుంచి.

వానాకాలం కాబట్టి తేమ తగ్గిన మధ్యాహ్నం చూసుకుని స్ప్రే చేశాను. ప్రైమర్ పల్చగా ఒకటి, పైన రెండే రెండు కోట్లు. పీయూ గట్టిపడటానికి కలిపే హార్డనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు పడదని సార్ బయటి గాలి పైపు ఉన్న మాస్కు తెచ్చిచ్చారు. 22 ఏళ్లుగా నేను ముక్కుకు దస్తీ కట్టుకునే కొట్టాను. మాస్కుతో పని చేసిన రాత్రి దగ్గు రాలేదు. ఆ దగ్గు చలిగాలికి అనుకుంటూ ఉండేవాణ్ని.

ఐలరాన్ మళ్లీ తక్కెడెక్కింది. వెనక అంచు మెల్లగా కొద్దిగా వాలి ఆగింది. సార్ దాని మీద తూకం రాళ్లు పెట్టి, లెక్క వేసి, పుస్తకం మూసి "ఓకే" అన్నారు. దసరా తర్వాత వెళ్లి గాడుల వెంట వేలు పెట్టి తడిమి చూశాను, నున్నగా ఉంది.

రెండోసారి పనికి కూలీ నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. బ్యాటరీ వాటర్ బిల్లు మాత్రం సార్ తన జేబులోంచి ఇచ్చారు.