ముందు ఆయనే ఇంటికి వచ్చాడు

నెలలో మొదటి ఆదివారం చిత్తూరు చర్చిల్లో ఎక్కడైనా ఇది కనిపిస్తుంది. వాక్యం అయిపోయి, యేసు మరణాన్ని తలచుకుంటూ అందరూ పంచుకునే ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ తీసి, రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేస్తున్నప్పుడు వెనక వరుసల్లోంచి కొందరు మెల్లగా లేచి బయటికి వెళ్లిపోతారు. చెప్పుల దగ్గర నిలబడతారు. అడిగితే ఒకటే మాట: "నేనింకా సరికాలేదన్నా. సరైనాక బల్లకొస్తా." ఏళ్ల తరబడి అలా నిలబడేవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

లూకా సువార్త 19వ అధ్యాయంలో మొదటి పది వచనాలు తీయండి. జక్కయ్య కథ. సండేస్కూల్‌లో విన్నదే కదా అని దాటేయకుండా, ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో చూడండి.

జక్కయ్య సుంకపు గుత్తదారు, అంటే రోమా వాళ్ల కోసం పన్ను వసూలు చేసేవాడు, ధనవంతుడు. రోమా వాళ్లకు కట్టాల్సింది కట్టేశాక, జనం దగ్గర పైన ఎంత లాగితే అంత వసూలుదారుల జేబులోకే. యెరికో ఖర్జూర తోటలున్న ఊరు, యెరూషలేముకు ఎక్కి వెళ్లే దారిలో ఉంది. గుత్తదారుకు కొదవేముంటుంది? మామిడి సీజన్‌లో మండీలో తోతాపురి లోడు కాటా ఎక్కుతున్నప్పుడు రైతు ముఖం చూసినవాళ్లకు, జక్కయ్య మీద ఆ ఊరికున్న కోపం నేను వివరించనక్కర్లేదు. తరుగని ఇంత, కమీషనని ఇంత, తూకంలో ఇంకొంత. నోరెత్తితే కాయ దించుకుని పొమ్మంటారు.

అలాంటివాడు మేడిచెట్టెక్కి కూర్చుంటే యేసు తలెత్తి చూసి, పేరు పెట్టి పిలిచి, ఇవాళ నేను నీ ఇంట్లోనే ఉండాలి, త్వరగా దిగు అన్నాడు. అప్పటికి జక్కయ్య ఒక్క పైసా వెనక్కివ్వలేదు. తప్పయిపోయిందని ఒక్క మాటా అనలేదు. చూడాలన్న ఆశ తప్ప అతని దగ్గర ఏమీ లేదు. జనం సణుక్కున్నారంటే సణుక్కోరా మరి! ఎవరింట్లో చెయ్యి కడిగామన్నది మన వైపు ఈనాటికీ చిన్న విషయం కాదు. సంబంధం కుదిరేదాకా పిల్ల ఇంట్లో విస్తరి ముందు కూర్చోవడానికి ఒప్పుకోని పెద్దలు ఇంకా ఉన్నారు. ఊరంతా దాదాపు వెలివేసిన మనిషి ఇంటికి ఆయన తనంతట తానే వస్తానన్నాడు.

డబ్బు మాట ఆ తర్వాతే వచ్చింది. "నా ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకునుంటే నాలుగంతలు ఇస్తాను" అన్నాడు జక్కయ్య. మోషే ధర్మశాస్త్రం అంత అడగలేదు. తప్పు తనే ఒప్పుకున్నవాడు అసలుకు ఐదోవంతు కలిపి ఇస్తే చాలని సంఖ్యాకాండము 5లో ఉంది. అంటే వెయ్యికి పన్నెండు వందలు. నాలుగంతలు గొర్రె దొంగకు వేసిన లెక్క, నిర్గమకాండము 22లో చూడవచ్చు. జక్కయ్య తనంతట తానే దొంగకు వేసే లెక్క ఎంచుకున్నాడు. యేసు అడగలేదు, బేరమాడలేదు. క్షమించే దేవుడు ఇంట్లో కూర్చునుంటే పిడికిలి దానంతటదే తెరుచుకుంటుంది. నా నమ్మకం ఇదే.

మా వైపు ఒక పెద్దాయన ఒకప్పుడు మండీలో కాటా దగ్గర పనిచేశాడు. మారుమనస్సు పొందాక పాత చిట్టా పుస్తకం బయటికి తీశాడు. అట్ట ఊడిపోయి, పేజీలకు మామిడి జీడి మరకలు. తెలిసి తగ్గించి రాసిన తూకాల పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టుకుని ఒక్కో రైతు ఇంటికీ పోయాడు. ఒకాయన డబ్బు పక్కన పెట్టి, "ముందు సంగటి తిను నాయనా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఇంకో ఇంట్లో డబ్బు లెక్కపెట్టుకుని, మాట్లాడకుండా తలుపేసుకున్నారు. ఆ తలుపేసుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. ఆ ఏడాది వాళ్లు అప్పు తీర్చలేక ఎంత నలిగారో వాళ్లకే తెలుసు. దేవుడు క్షమించాడు గనుక నువ్వూ క్షమించి తీరాలని వాళ్ల గడపలో నిలబడి అనే హక్కు అపకారం చేసినవాడికి లేదు. పెద్దాయన ఆ మాట అనలేదు, నమస్కారం పెట్టి వచ్చేశాడు. మరుసటి ఆదివారం బల్ల తీసుకున్నాడు.

మరి తిరిగిచ్చే దారే లేనివాళ్లు? నష్టపోయిన మనిషి చనిపోయాడు, ఎక్కడున్నాడో తెలియదు, చేతిలో పైసా లేదు. వాళ్ల కోసం అదే లూకా 23వ అధ్యాయంలో ఇంకొకడిని చూపిస్తాడు. యేసు పక్కన సిలువ మీదున్న ఆ నేరస్థుడికి దిగి వెళ్లి ఎవరికీ ఏదీ చెల్లించే వీలు లేదు. మేము చేసిన వాటికి తగిన ఫలమే అనుభవిస్తున్నాం అని ఒప్పుకుని, నన్ను జ్ఞాపకం చేసుకోమని అడిగాడు. అంతే. ఆ రోజే పరదైసులో, అంటే స్వర్గంలో, తనతోకూడ ఉంటావని యేసు మాటిచ్చాడు. చెల్లించడం క్షమాపణకు ధర అయితే అతనికి ఆ మాట దొరికేది కాదు.

చెప్పుల దగ్గర నిలబడ్డ అన్నా, అక్కా, తిరిగి ఇవ్వాల్సింది ఉంటే సోమవారం పోయి ఇద్దురుగాని. ముందు లోపలికి రండి.