నీల్ ఐలాండ్‌లో పని టైమింగ్సే వేరు

అండమాన్ వెళ్ళినవాళ్ళు చాలామంది నీల్‌ని ఒక పూటలో చుట్టేసి వచ్చేస్తారు, మేం మాత్రం డిసెంబర్‌లో అక్కడే మకాం పెట్టేశాం. 2018లో పేరు షహీద్ ద్వీప్ అని మార్చారు గానీ ఆటోవాలా దగ్గర్నుంచి టీ కొట్టు వరకు అందరూ నీల్ అనే అంటున్నారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి గవర్నమెంట్ బోట్లో వెళ్ళాం, పక్కన కూర్చున్న పెద్దాయన శ్రీకాకుళం మనిషి, చిన్నప్పుడే వాళ్ళ నాన్నతో వచ్చేశాడట (పోర్ట్ బ్లెయిర్‌లో మనవాళ్ళు బాగానే ఉన్నారు లెండి, బజార్లో తెలుగు వినపడుతూనే ఉంటుంది). "నీల్‌లో అన్ని రోజులు ఏటి సేత్తారు బాబూ, మద్దేనం అయితే అక్కడ కుక్క కూడా లెగదు" అన్నాడు.

నిజమే, మధ్యాహ్నం బజారుకెళ్తే సగం షట్టర్లు దించేసి ఉన్నాయి, మావాడు "వీళ్ళకి డబ్బులు అక్కర్లేదేమో" అని జోకులు. కానీ గడియారం మనదే అయినా సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందొస్తాడు కదా, ఐదింటికే వెలుగు, సాయంత్రం ఐదు కాకముందే మునిగిపోతాడు. ఆరున్నరకి మేం కళ్ళు నులుముకుంటూ బయటికొస్తే మా రూం ఓనరావిడ, అందరూ బౌదీ (బెంగాలీలో వదిన) అంటారు, అప్పటికే కూరగాయలు కోసుకొచ్చేసి కింద కూర్చుని చిక్కుళ్ళని అరటినారతో కట్టలు కడుతోంది, మాతో మాట్లాడుతూనే ఒక్కో కట్టని చేత్తో తూచి ఒకట్రెండు కాయలు తీసేస్తోంది, కాటా జోలికే పోలేదు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకి 1960ల్లో ఇక్కడ భూములిచ్చారు, ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ తినే కూరగాయల్లో చాలా భాగం ఈ చిన్న దీవి నుంచే. అన్నీ బోటెక్కాల్సినవే. బస్తాల మీద మార్కర్‌తో పేర్లు రాసి జెట్టీ మీద పెడతారు, బోటు హారన్ వినపడగానే ఎక్కడెక్కడి నుంచో జనం, అరుపులు, తోపులాట, అది కదిలిన కాసేపటికి మళ్ళీ ఎవరూ ఉండరు.

సముద్రం దగ్గర పని అయితే ఇంకో లెక్క. భరత్‌పూర్ బీచ్‌లో గ్లాస్ బోటు అతన్ని ఎప్పుడు తీస్తావ్ భాయ్ అంటే నీళ్ళ వైపు చూపించి "పానీ ఆనే దో" (నీళ్ళు రానీ) అన్నాడంతే. ఆటు అయితే, అంటే నీళ్ళు వెనక్కి తగ్గితే, పగడపు రాళ్ళు బయటపడి బోటు కదలదు, అదే ఆటు ఉంటేనే లక్ష్మణ్‌పూర్ దగ్గరి రాతి వంతెన కిందికి నడిచి వెళ్ళగలం. పోనీ ఒక టైం గుర్తుపెట్టుకుందామా అంటే అది రోజూ ముందురోజు కంటే ముప్పావు గంట పైనే ఆలస్యంగా వస్తుంది, అందుకే అక్కడ అపాయింట్‌మెంట్ అడిగితే నవ్వుతారు.

డే ట్రిప్ ప్యాకేజీ వాళ్ళు మాత్రం ఎండ నెత్తికెక్కాక దిగి, ఊరంతా తిని పడుకున్న టైంలో నాలుగు ఫోటోలు తీసుకుని, సాయంత్రం బజారు తెరిచేలోపు బోటెక్కేసి, నీల్‌లో ఏమీ లేదండీ అని రివ్యూ రాస్తారు. రాసుకోనివ్వండి, రూములు చవగ్గా దొరుకుతాయి.