అడుగున ఎర్రరంగు

"అది ఖాళీ ఓడ బాబూ," అన్నాడు వల బాగుచేస్తున్న తాత, తల పూర్తిగా ఎత్తకుండానే.

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర నిలబడి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా రేవులోకి వస్తున్న ఓడను నేనూ చూస్తున్నాను. ఎలా తెలుసని అడిగాను.

"అడుగున ఎర్రరంగు అంత పైకి తేలింది. సరుకుంటే మునిగి ఉండేది."

ఎరుపు నాకూ కనిపించింది, అందంగా ఉందనుకున్నాను! తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పు ఉందని చెప్పడాన్ని అనుమానప్రమాణం అంటారు. ఈ ఊరి చలికాలపు మంచులో పొగను నమ్మడం కష్టం కానీ, ఎరుపు నయం.

ఖాళీ ఓడ తూలకుండా బ్యాలస్ట్ నీళ్లు నింపుతారు, దాంతో కొంత కిందికి దిగుతుంది. అందుకే అడిగాను: "సగమే కనిపిస్తే?"

తాత సూది ఆపి ఆలోచించాడు. "ఇంకో రేవులో కొంత దించి వస్తోందేమో."