మిల్లు ఊళ్లో మూడో నంబరు

ఆఫీసులో నాస్కార్ అనే అమెరికా కార్ల రేసుల మాటొస్తే చాలు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు నన్నడిగేది ఒకటే: నువ్వు ఎర్న్‌హార్ట్ మనిషివా, పెట్టీ మనిషివా? నార్త్ కరొలైనాలోని షార్లెట్ వచ్చి తొమ్మిదేళ్లయినా జవాబు చెప్పలేకపోయాను. ఇద్దరూ రేసు డ్రైవర్లు, ఇద్దరివీ ఏడేసి చాంపియన్‌షిప్‌లు. ఇద్దరి ఊళ్లూ ఒక్కరోజులో చూసి రావచ్చు. మొన్న శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరాను.

మొదట ఎర్న్‌హార్ట్ ఊరు కనాపొలిస్. షార్లెట్‌కి నలభై కిలోమీటర్లు. కానన్ మిల్లు తువ్వాళ్ల మీద బతికిన ఊరు. 2003లో మిల్లు మూతపడింది. తర్వాత దాన్ని కూలగొట్టి, అక్కడ పరిశోధనా కేంద్రం కట్టారు. కార్మికుల చిన్న చిన్న ఇళ్లు మాత్రం వరసగా అలాగే ఉన్నాయి. మాది వరంగల్. మా బాపు ఆజంజాహి మిల్లు స్పిన్నింగ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఇళ్ల వరస కనబడగానే కారు దానంతటదే నెమ్మదించినట్టయింది. అందులో ఒక పేటను కార్ టౌన్ అంటారు. సెడాన్, కోచ్ అని వీధుల పేర్లు. ఆ రెండూ కలిసే మూలన డేల్ ఎర్న్‌హార్ట్ పెరిగాడు. తండ్రి రాల్ఫ్ మిల్లులో పనిచేస్తూ రేసులు నడిపేవాడు, చివరికి మిల్లు మానేసి రేసుల మీదే ఇల్లు గడిపాడు. కొడుకు తొమ్మిదో తరగతితో బడికి సెలవు చెప్పాడు.

ఊరి నడుమ డేల్ విగ్రహం ఉంది. తొమ్మిదడుగుల కంచు మనిషి, చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. దగ్గర్లో బెంచీ మీద ఒక ముసలి జంట కూర్చున్నారు. ఆవిడ నల్లటోపీ మీద వాలుగా డేల్ కారు నంబరు 3, ఆయన టోపీ పెట్టీ కారు రంగు, లేతనీలం. చూస్తేనే తెలుస్తోంది, ఒకే ఇంట్లో రెండు పార్టీలు.

వరంగల్ మిల్లు సంగతి చెప్పగానే ఆవిడ పక్కకు జరిగి కూర్చోమంది. ఇరవై రెండేళ్లు ఇక్కడే తువ్వాళ్ల అంచులు కుట్టిందట. నా భుజం మీది తువ్వాలు అంచు బొటనవేలితో నిమిరి, కుట్టు పలచగా ఉంది, ఏడాదికి ఊడుతుందని తేల్చేసింది. బాపు కూడా అంతే, బట్టల కొట్లో నూలుపోగు మెలితిప్పి చూడనిదే ఏదీ కొననివ్వడు.

ఇక డేల్ సంగతులు మొదలయ్యాయి. గెలిచిన 76 రేసుల లెక్క ఆవిడకు పట్టలేదు. ఏ రేసప్పుడు తను ఎక్కడుంది, ఎవరు పక్కనున్నారు, అదే చెబుతోంది. నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న రేసు డేటోనా 500. 1998లో ఆ రేసు నాడు వంటింట్లో నిలబడి చూసిందట. పంతొమ్మిదిసార్లు చేజారిన రేసు ఇరవయ్యోసారి చేతికొచ్చింది. కార్లు టైర్లు మార్చుకోడానికి ఆగే పిట్ రోడ్డు పొడవునా అన్ని జట్లవాళ్లూ వరసకట్టి డేల్ చెయ్యి పట్టుకున్నారు. పోటీదారులే అలా వచ్చారంటూ తన చేతులు చాచి చూపించింది. 2001 ఫిబ్రవరి 18 దగ్గరికొచ్చేసరికి గొంతు మారింది. అదే డేటోనా, చివరి ల్యాప్, అంటే చివరి చుట్టు, గోడకు కొట్టుకుంది కారు. డేల్ పోయాడు. ఆ తర్వాతి రేసుల్లో మూడో ల్యాప్ రాగానే స్టాండ్సులో జనమంతా మూడు వేళ్లు పైకెత్తి నిలబడేవారు. ఆవిడ కూడా వేళ్లెత్తింది. వాటిలో ఒకదానికి గోరు లేదు. మిల్లులో పోయిందట.

పెద్దాయన అంతసేపూ ఊరుకుని, మెల్లగా బ్రిస్టల్ ట్రాక్ మీది రేసు మాటెత్తాడు. 1999 ఆగస్టు, చివరి ల్యాప్‌లో డేల్ వెనకనుంచి తగిలించి తోటి డ్రైవరు టెర్రీ లబాంటీ కారుని తిప్పేశాడు. స్టాండ్సంతా బూ అని అరిచింది. ఆవిడ డేల్‌ని వెనకేసుకొస్తుందనుకున్నాను. ఆరోజు నాకూ కోపమొచ్చింది, టీవీ కట్టేశాను అంది. సొంత మనిషి తప్పు చేస్తే కలిగే కోపమది. ఆ ఒక్క మాటతో ఆవిడ చెప్పిన మిగతావన్నీ నమ్మాను.

పెద్దాయనది పెట్టీ పక్షం. 200 గెలుపులు, 1967 ఒక్క ఏడాదిలోనే 27, అందులో వరసగా పది. అవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి, పర్సులోంచి మడతలు పడ్డ ఫొటో తీశాడు. దానిమీద రిచర్డ్ పెట్టీ సంతకం. అక్షరాలు తీగల్లా చుట్టుకున్నా పేరు స్పష్టంగా చదవొచ్చు. లైన్లో చివరివాడికి కూడా ఇంత తీరిగ్గానే పెడతాడు, వెళ్లి చూసిరా అన్నాడు.

పెట్టీ ఊరి పేరు లెవెల్ క్రాస్, అక్కణ్నించి గంట పైన ప్రయాణం. మధ్యలో చెప్పుకోదగ్గదేమీ లేదు. పల్లెటూరు, పాత పెట్టీ వర్క్‌షాపులోనే మ్యూజియం. పెట్టీ నీలంలో 43వ నంబరు కారు. ఇంట్లో ఉన్న తెల్లరంగూ నీలంరంగూ దేనికదే చాలక కలిపేస్తే వచ్చిన రంగు అదని చెబుతారు. రిచర్డ్ తండ్రి లీ 1959లో మొదటి డేటోనా 500 గెలిచాడు. ముగింపు ఎంత దగ్గరగా జరిగిందంటే, విజేత ఎవరో తేలడానికి మూడు రోజులు పట్టింది. రిచర్డ్ మనవడు ఆడమ్ ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగాను. 2000 మేలో న్యూహాంప్‌షైర్ ట్రాక్ మీద పోయాడు, పంతొమ్మిదేళ్లవాడు. అతని పేరిట ఆ కుటుంబం జబ్బు పిల్లల కోసం ఈ దగ్గర్లోనే ఒక శిబిరం నడుపుతోంది. మనిషిగా ఎవరు పెద్ద అంటే పెట్టీ పేరే చెబుతాను. అయినా ఆఫీసులో అడిగితే ఎర్న్‌హార్ట్ మనిషినే అంటాను. మిల్లు ఇళ్ల వరసలోంచి వచ్చినవాణ్ని కాదని ఇంకెవరినో అనడానికి నాకు నోరు రాదు.

రాత్రి వరంగల్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. బాపు కార్ల గురించి ఒక్కమాటా అడగలేదు. "ఆమెకు మిల్లు కూత యాదికున్నదా? పొద్దుగాల ఎన్నింటికి కూస్తుండెనో అడిగినవా?" అన్నాడు.

అడగలేదు. ఫిబ్రవరి 18న ఆ జంట మళ్లీ విగ్రహం దగ్గరికి వస్తామన్నారు. కొత్త తువ్వాలొకటి భుజాన వేసుకుని నేనూ వెళ్తాను.