నా అనుభవం: సెవరెన్స్ వేరు, పార్టిషన్ వేరు

1999 వేసవిలో, కడప జిల్లా మైదుకూరు ప్రాంతంలో కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద ఉన్న మా తొమ్మిదెకరాల మాగాణిని పంచుకుని దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలని మా నాయన, పెద్దనాయన అనుకున్నప్పుడు, ఆ పనిలో నా వంతుకు వచ్చింది ఒకే ఒక్క కాగితం. 1986లో మా చిన్నాయన తన అన్నలిద్దరికీ వకీలు ద్వారా పంపిన ఇంగ్లీషు నోటీసు అది. నేను ప్రొద్దుటూరులో జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు చెబుతుండేవాణ్ణి కనుక, దాన్ని తెలుగు చేసి పెద్దలకు చదివి వినిపించమన్నారు.

ఆ నోటీసులో రెండు మాటలు ఉన్నాయి. ఆ తేదీ నుంచి తాను ఉమ్మడి కుటుంబం నుంచి 'సెవర్' అయ్యానని చిన్నాయన మొదట చెప్పాడు. తనకు రావలసిన మూడో వంతుకు 'పార్టిషన్' తర్వాత కోరుకుంటానని చివర రాయించాడు. నిఘంటువు చూస్తే రెండింటికీ తెగడం, విడిపోవడం, విభజన అనే అర్థాలే దగ్గర దగ్గరగా కనిపించాయి. నేను రెండు చోట్లా 'భాగ పరిష్కారం' అని రాసేశాను.

చదవడం పూర్తి కాకముందే నాయన అడ్డుతగిలాడు. "చేను ఏనాడు కొలిచినార్రా? నడుమ గట్టు వేసిందెవరు? ఆరోజు భాగాలే పడలేదే!" అన్నాడు. పెద్దనాయన కూడా అదే మాట అని, జరగని పంపకం జరిగిందని రాసిన కాగితం చెల్లదు కాబట్టి పక్కన పెట్టమన్నాడు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ పదమూడేళ్లూ చేను ఒకే చెక్కగా సాగయింది, చిన్నాయన ఉన్నంతకాలం పంట డబ్బు మాత్రం మూడు వంతులుగా పంచుకున్నారు.

ఆ నోటీసు పక్కకు పోతే నష్టపోయేది మా మేనత్త. చిన్నాయన 1992లో చనిపోయాడు. భార్య ఆయన కంటే ముందే పోయింది, పిల్లలు లేరు, మా తాత, అవ్వ అంతకు ఎన్నో ఏళ్ల కిందటే గతించారు. ఆయన చివరిదాకా ఉమ్మడిలోనే ఉన్నాడనుకుంటే, హిందూ ఉమ్మడి ఆస్తికి అప్పట్లో వర్తించిన మితాక్షర ధర్మం ప్రకారం ఆయన వాటా మిగిలిన అన్నల శాఖల్లో కలిసిపోయి, చెరి నాలుగున్నర ఎకరాలు వస్తుంది, అత్తకు ఏమీ ఉండదు. ముందే వేరుపడ్డాడనుకుంటే ఆయన మూడెకరాలు ఆయన సొంతం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అవి దగ్గరి వారసులు లేనందున తోబుట్టువులకు సమానంగా వెళ్తాయి. అన్నలకు చెరొక ఎకరా, అత్తకు ఒక ఎకరా. నేను నిఘంటువు చూసి వేసిన ఒక్క మాట ఆ ఎకరాను మాయం చేయబోయిందని నాకు అప్పటికి తెలియదు.

కడపలో మేము సంప్రదించిన వకీలు ఇంగ్లీషు నోటీసునూ నా తెలుగునూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చదివాడు. సెవరెన్స్ అంటే హోదాలో వేరుపడటమని, పార్టిషన్ అంటే కొలతలతో, హద్దులతో ఆస్తిని పంచుకోవడమని ఆయన చెప్పాడు. ఉమ్మడి కుటుంబంలో ఎవరి వాటా ఎంత అనేది అప్పట్లో స్థిరంగా ఉండేది కాదు, ఒకరు పుడితే తగ్గేది, ఒకరు పోతే పెరిగేది. వేరుపడుతున్నానని ఒకరు స్పష్టంగా ప్రకటించి, ఆ సంగతి మిగిలినవారికి తెలియజేస్తే చాలు, వాటా ఆ తేదీ దగ్గర నిలిచిపోతుంది. మిగతావారి ఒప్పుదల అవసరం లేదు, గట్టు వేయవలసిన పనీ లేదు. ప్రకటన ఎదుటివారికి చేరడం ఎంత ముఖ్యమో 1963లో సుప్రీంకోర్టు, జస్టిస్ కోకా సుబ్బారావు రాసిన తీర్పులో, వివరంగా చెప్పిందని కూడా ఆయన గుర్తుచేశాడు.

"చేరినట్టు ఆధారం ఉందా?" అని అడిగాడు. ఉంది. నోటీసు వెనక గుండుసూదితో గుచ్చిన రెండు తపాలా రసీదు కార్డులు చిన్నాయన ట్రంకు పెట్టెలో నోటీసు నకలుతోనే దొరికాయి. సూది తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మరక దిగింది, ముద్రలో ఊరి పేరు సగం చెరిగిపోయింది, కానీ ఒకదాని మీద మా నాయన సంతకం, రెండోదాని మీద పెద్దనాయన సంతకం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఇంటికి వచ్చాక నోటీసును మళ్లీ తెలుగు చేశాను. ఈసారి నిఘంటువు తెరవలేదు. అన్నదమ్ములు 'వేరుపడినారు' అన్నప్పుడు ఒక అర్థం, 'పంచుకున్నారు' అన్నప్పుడు ఇంకో అర్థం మా ఊళ్లో చదువు రానివారికి కూడా తెలుసు. ఆ రెండు మాటలూ నాకు పుట్టుకతో వచ్చినవే, అయినా వాటిని వదిలి సంస్కృత సమాసం కోసం వెతికినందుకు ఇప్పటికీ బాధపడతాను. "చిన్నాయన 1986లో వేరుపడ్డాడు, చేను మాత్రం పంచుకోలేదు" అని చదివితే నాయన వెంటనే తలూపాడు. పెద్దనాయనకు మాత్రం అర ఎకరా పోతుందన్న బాధ ఉండింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు కార్డు అడిగి తీసుకుని, తన సంతకాన్ని వెలుతురులో పెట్టి చూసుకుని, "ఇది నా చేవ్రాలే. చెల్లెలికి రాయండి" అన్నాడు.

మిగతా పని త్వరగానే అయింది. సర్వేయరు గొలుసు పట్టి కొలిచి రాళ్లు నాటించాడు. చిన్నాయన ఫలానా తేదీన వేరుపడ్డాడని ఒక పేరాలోనూ, నేటివరకు హద్దులు ఏర్పడలేదని, ఇప్పుడే పంచుకుంటున్నామని మరో పేరాలోనూ దస్తావేజులో విడివిడిగా రాయించాము. నాయనకు నాలుగు, పెద్దనాయనకు నాలుగు, అత్తకు ఒకటి చొప్పున చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దులు) రాశారు. అత్త ఎకరా కాలువ గట్టు పక్కన పడింది. ఆ ఏడు ఆమె అందులో పసుపు వేయించింది.